మన రాష్ట్రమును మనము చూడవలదా?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో ఉదయము నుండి మీరు ఇంటిపన్ను గూర్చి, మంచినీటి పథకముల గూర్చి, పారిశుద్ధ్యము గూర్చి, లెక్కల తనిఖీ గూర్చి వినియున్నారు. మాకు మధ్యాహ్న భోజనానంతరపు వేళ కేటాయించినారు. కునుకు వచ్చు సమయము గనుక కొంచెము తేలిక విషయము చెప్పుడని నిర్వాహకులు సూచించిరి. కావున విహారమును గూర్చి, అనగా మన ఆంధ్రప్రదేశమున చూడదగిన చోట్లను గూర్చి మాట్లాడ దలచితిమి. అయితే ఇది తేలిక విషయమని మాత్రము మేము ఒప్పుకొనుట లేదు.

మన గ్రామస్థులు ప్రయాణము లెరుగనివారు కారు. తిరుపతికి వెళ్లిరాని కుటుంబము అరుదు. శ్రీశైలము, అన్నవరము, సింహాచలము, బెజవాడ కనకదుర్గమ్మ కొండ మన వారికి ఊరి పొలిమేరవలె పరిచితములు. పెండ్లికి వెళ్లుదుము, పరామర్శకు వెళ్లుదుము, పెద్దాసుపత్రికి వెళ్లుదుము, కోర్టు వాయిదాకు వెళ్లుదుము. పనులు లేని యేడు పొట్ట చేతబట్టుకొని బెంగుళూరికో హైదరాబాదుకో వెళ్లుదుము. కాని కేవలము చూచుటకని, చూచి సంతోషించుటకని ఇల్లు కదలుట మన అలవాటులో లేదు. అట్లు బయలుదేరిన వానిని చూచి పనిలేక తిరుగుచున్నాడని నలుగురు నవ్వుదురు. స్త్రీల సంగతి చెప్పనక్కరయే లేదు. నిండు జీవితము గడచినను పుట్టిల్లు, అత్తవారిల్లు, తిరుపతి కొండ, ఈ మూడు తప్ప నాలుగవ చోటు చూడని తల్లులు ప్రతి యూరను ఉన్నారు.

అనంతపురము సీమ నుండి బెంగుళూరికి భవన నిర్మాణపు కూలికి పోవువారు హిందూపురము పరిసరములలో లేపాక్షి దారి చీలు చోటును ఏటికి ఎన్నిమారులు దాటుదురో లెక్కలేదు. వారిలో లేపాక్షి చూచినవారెందరు? ఏ దేశమునుండియో వచ్చినవారు మన ఊరి గుడిని చూచి ఆశ్చర్యపడి పోవుచుండగా, దానిని చెక్కిన శిల్పుల మునిమనుమలు దాని ప్రక్కనుండి కూలిబస్సులో తలవంచుకొని పోవుచున్నారు. ఈ మాట మేము తప్పు పట్టుటకై చెప్పుట లేదు. ఒక పూట కూలి పోగొట్టుకొని గుడి చూడుమని పేదవానికి చెప్పుట సులభము కాదు. అందుచేతనే ఈ పని ఒక్కొక్కరికి విడిచిపెట్టక పంచాయతీయే పూనుకొనవలెనని మా విన్నపము.

మేము ప్రచార శాఖ వారము. ప్రతిదానిని పొగడుట మా వృత్తియని మీరు లోలోపల అనుకొనుచుందురు. అందుకే పొగడ్తలు తగ్గించి, అచ్చట ఏమున్నదో, ఏమి చేయవచ్చునో మాత్రమే చెప్పెదము.

లేపాక్షితోనే మొదలిడుదము. 16వ శతాబ్దమున, విజయనగర రాజుల కాలమున, విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు అచ్చటి వీరభద్రాలయమును నిర్మింపజేసిరి. పైకప్పుమీద రామాయణ భారత కథలు, శివపార్వతుల కల్యాణము రంగులతో చిత్రింపబడి యున్నవి. ఆనాటి స్త్రీల చీరల అంచులు, పురుషుల కుళ్లాయిలు ఎట్లుండెడివో ఆ చిత్రములలో నేటికిని చూడవచ్చును. మన నేతగాండ్రు ఆ స్తంభముల మీది తీగలను, పువ్వులను ఇప్పటికిని చీరల అంచులలో నేయుచున్నారు. పిల్లలకు మాత్రము అన్నింటికంటె ముచ్చటైనది వ్రేలాడు స్తంభము. డెబ్బది స్తంభముల నడుమ ఒకటి నేలను పూర్తిగా ఆనక నిలిచియున్నది. ఒక ప్రక్కనుండి తువాలు దూర్చి మరొక ప్రక్కనుండి లాగుట అచ్చటికి వెళ్లిన ప్రతివారును చేయు వినోదము. సర్పంచులైనను చేయవచ్చును, మర్యాదకు భంగము లేదు. గుడికి కొద్ది దూరమున ఒకే రాతితో మలచిన నంది 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు కలిగి, ఇప్పుడే లేచునా యన్నట్లు కూర్చుండి యున్నది. గుడి వెనుక కల్యాణమండపము సగములో నిలిచిపోయినది. అది ఎందుకు నిలిచినదో చెప్పు కథను అచ్చటి వృద్ధుల నోట వినుడు. పుస్తకములో చదివిన దానికంటె రుచిగా ఉండును.

ఆ చుట్టుపట్లనే చూడదగినవి మరి మూడు కలవు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఇంచుమించు 5 ఎకరముల మేర ఊడలు దింపి అల్లుకొన్నది. 1989లో గిన్నిస్ గ్రంథమున దానికి స్థానము లభించెను. ఒక్క చెట్టు క్రింద మూడు నాలుగు ఊళ్ల జనము సుఖముగా కూర్చుండవచ్చును. మన ఊరి రచ్చబండ మర్రిని కొట్టి దుకాణముల గదులు కట్టుదమా యని ఆలోచించు పంచాయతీ ఏదైన యున్నచో, ముందుగా ఆ మాను క్రింద ఒక గంట కూర్చుండి వచ్చి తీర్మానము చేయవలెను. ధర్మవరము దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయు కుటుంబము లున్నవి. మేక తోలును పలుచగా గీచి, రంధ్రములు కొట్టి, రంగులు దిద్ది, రావణునికి పది తలలు అమర్చుట కన్నులార చూడవచ్చును. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ బిరుదు వచ్చినది. పూర్వము తెల్లవార్లు ఆడు బొమ్మలు ఇప్పుడు దీపపు గుడ్డలుగా, గోడ అలంకారములుగా అమ్ముడుపోవుచున్నవి. ఆట ఆడించు పల్లెలు కరవైనవి. మీ ఊరి జాతరకు సినిమా పాటల బృందమునకు ఇచ్చు సొమ్ములో సగము చెల్లించి ఒక రాత్రి తోలుబొమ్మలాట పెట్టించి చూడుడు. మేము చూచినంతలో పిల్లలు చివరి ఘట్టము వరకు కదలరు.

మూడవది వీరాపురము. చిలమత్తూరు మండలములోని ఈ పల్లెకు ఏటేట రంగుల కొంగలు గుంపులుగా వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్లు పెట్టును. ఇండ్ల మీద రెట్టలు పడును, కంపు కొట్టును, తెల్లవారుజామున గోల మిక్కుటము. అయినను ఆ ఊరివారు పక్షులను కొట్టరు, కొట్టనియ్యరు. అవి వచ్చిన యేడు వానలు కురిసి పంటలు పండునని వారి నమ్మిక. శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురమునను ఇదే మర్యాద. అచ్చటికి గూడబాతులు, కొంగలు వచ్చును. రాష్ట్రమునకు అటు కొసన ఒక పల్లె, ఇటు కొసన ఒక పల్లె, ఒకరినొకరు ఎరుగరు. కాని అతిథిని చూచు పద్ధతి ఒక్కటే. నెల్లూరు సీమలో నేలపట్టు గూడబాతులకు, పులికాటు సరస్సు ఫ్లెమింగోలకు, కొల్లేటిలో కైకలూరు దగ్గరి ఆటపాక గూడబాతులకు పేరుపడినవి. ఇవన్నియు చలికాలమున చూడవలసినవి. ఎండాకాలమున వెళ్లి, పక్షులు లేవని శాఖ వారిని నిందింపరాదు.

ఇక బెలుము గుహలు. వీనిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పుటకు కారణము కలదు. కొలిమిగుండ్ల మండలమున, నాపరాతి గనుల నడుమ, చదునైన చేలలో బావివలె నేలలోనికి ఒక రంధ్రము కనిపించును. మెట్లు దిగినచో లోపల మరొక లోకము. సున్నపురాతిని లక్షల సంవత్సరములుగా నీరు కోసి కోసి చేసిన దారులవి. ఇంతవరకు కొలిచిన పొడవు 3,229 మీటర్లు. అందు ఒకటిన్నర కిలోమీటరు మేర సందర్శకులకు తెరచియున్నారు. ఒకచోట రాతి ఊడలను వ్రేలితో తట్టినచో సప్తస్వరములవలె పలుకును. ఒకచోట కోటిలింగములు. అన్నింటి అడుగున, నేలమట్టమునకు 46 మీటర్ల లోతున, పాతాళగంగ యను నీటిపాయ కనబడి మరల రాతిలో అదృశ్యమగును. లోపల ఉక్క యెక్కువ. వృద్ధులు, ఆయాసము గలవారు మొదటి హాలు చూచి వెనుకకు వచ్చుట మేలు.

1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ గుహలను గూర్చి వ్రాసెను. పిమ్మట దాదాపు నూరేండ్లు వాని నెవరును పట్టించుకొనలేదు. 1982, 83 సంవత్సరములలో గెబావర్ అను జర్మను దేశస్థుని నాయకత్వమున ఒక బృందము వచ్చి పాకి, దూరి, కొలిచి పటము గీసికొనెను. 1985లో రాష్ట్ర ప్రభుత్వము రక్షిత ప్రదేశముగా ప్రకటించెను. 2002లో పర్యాటక సంస్థ దీపములు, బాటలు ఏర్పరచి ప్రజలకు తెరచెను. ఇదంతయు పుస్తకములలో నున్న సంగతి. మీరు ముఖ్యముగా వినవలసిన దేమనగా, 1980 దశకము దాక ఆ గుహ చుట్టుపట్ల వారికి చెత్త పారవేయు గుంతయై యుండెను. ప్రపంచమున ఎక్కడెక్కడివారో వచ్చి చూచు వింత, ఊరి దృష్టిలో ఒక పెంటదిబ్బ. ఈ మాట విని నవ్వుకొనక ముందు మన ఊరి పొలిమేరను ఒక్కమారు తలచుకొందము. పాడుపడిన కోట గోడ రాళ్లను ఇంటి పునాదికి తోలుకొన్నవారు లేరా? శాసనపు రాతిమీద గొడ్డలి నూరుకొనుట లేదా? పాత మెట్లబావిలో ప్లాస్టిక్ సంచులు పారవేయుట లేదా? బెలుము గుహలను కనుగొన్నది పరదేశి యైనను, ఆ చెత్త తీసి బాగుచేయించవలెనని పట్టుబట్టిన వారిలో స్థానికులును ఉండిరి. ప్రభుత్వము అటుపిమ్మట వచ్చెను.

బెలుమునుండి గండికోట ఎక్కువ దూరము కాదు. ఒకే దినమున రెండును చూడవచ్చును. జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండలను పెన్నానది నిలువుగా కోసిన లోయ అది. సుమారు 300 అడుగుల లోతున నది, పైన పెమ్మసాని నాయకుల కోట. ఒకే ప్రాకారములో మాధవరాయని గుడి, రంగనాథుని గుడి, జుమ్మా మసీదు, ధాన్యపు కొట్టు చేరువచేరువగా నిలిచియున్నవి. సూర్యోదయమునకు ముందే లోయ అంచునకు చేరుడు. ఎర్రరాతిమీద తొలియెండ పడు దృశ్యము మాటలలో చెప్పలేము. అంచున ఇనుపకంచె అంతటను లేదు. చిన్నపిల్లల చేయి విడువరాదు. చరవాణిలో ఫొటో తీసికొనుచు వెనుకకు అడుగులు వేయరాదు.

కృష్ణాతీరమున చూడవలసినవి మీలో పలువురు ఎరుగుదురు, త్వరగా చెప్పుదుము. ఉండవల్లిలో కొండను నాలుగంతస్తులుగా తొలిచి శయనించిన అనంతపద్మనాభుని మలచిరి. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కి, చింతగింజల మక్కుతో అతికి రంగులు వేయుదురు. బొమ్మ కొనుటకంటె బొమ్మ చేయుట చూచుట ముఖ్యము. నాగార్జునకొండకు మాత్రము ఒక పూర్తి దినము కేటాయింపుడు. 1926లో రంగస్వామి సరస్వతి గారు కనుగొన్న ఇక్ష్వాకుల విజయపురి అది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిన పిమ్మట ఆ లోయ మునుగుట నిశ్చయమైనది. పురావస్తు శాఖ వారు ముంపునకు ముందే త్రవ్వకములు సాగించి, శిల్పములను, ముఖ్య కట్టడములను కొండమీదికిని, అనుపు గ్రామమునకును తరలించిరి. విజయపురి సౌత్ రేవులో పడవ ఎక్కి ఆ ద్వీపమునకు వెళ్లవలెను. మన చేలకు నీరు వచ్చుటకు ఎంత చరిత్ర నీట మునిగినదో, అందులో ఎంత దక్కించుకొన్నామో రైతు అచ్చట నిలబడి చూడవలెను. అవతలి గట్టు నేడు తెలంగాణ. ఆనకట్ట మీది నీరు మాత్రము ఇరువురిది.

గోదావరి జిల్లాల సంగతి చెప్పునపుడు తిండిని విడిచిపెట్టుట అన్యాయము. ఆత్రేయపురమున బోర్లించిన కుండమీద బియ్యపు పాలు తడిపిన గుడ్డను ఒక్కమారు ఆర్చి, కాగితముకంటె పలుచని రేకు తీయుదురు. నేయి, పంచదార చల్లి మడిచినచో పూతరేకు. ఆ ఊరి స్త్రీల చేతి పనితనమునకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించెను. చూచిన తరువాత మనమును ఒక రేకు తీయుదమని ప్రయత్నింపవచ్చును. చేయి కాలును, రేకు రాదు; కాని అమ్మువారితో బేరమాడు బుద్ధి పోవును. సమీపముననే ధవళేశ్వరము. 1847 నుండి 1852 వరకు కాటన్ దొర ఆనకట్ట కట్టించిన చోట ఆయన పేర ఒక ప్రదర్శనశాల కలదు. ఇప్పుడు మనము చూచు బ్యారేజి 1982లో పూర్తియైనది. సంక్రాంతికి వెళ్లగలిగినచో కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థము చూడుడు. వరిచేలకు అడ్డముపడి, కాలువలు దాటి, ప్రభలను భుజములమీద మోసికొనివచ్చు దృశ్యము 2023లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవ శకటముగా వెడలెను.

పాపికొండల పడవ ప్రయాణమునకు మించిన ఆహ్లాదము మన రాష్ట్రమున కొద్దిచోట్లనే యున్నది. కొండలు రెండుప్రక్కల దగ్గరకు వచ్చి గోదావరి ఇరుకుదారిలో మలుపులు తిరుగును. కాని 2019 సెప్టెంబరు 15న, నదికి వరద వచ్చియున్న వేళ, కచ్చులూరు దగ్గర యాత్రికుల పడవ మునిగి నలుబదిమందికి పైగా మరణించిరి. ఆ సంగతి దాచిపెట్టి పాపికొండలకు రండని పిలుచుట మాకు తగదు. వరద రోజులలో వెళ్లవద్దు. పడవకు అనుమతి ఉన్నదా యని రేవులోని అధికారిని అడుగుడు. రక్షక చొక్కా ఇచ్చినచో ఉక్కగా నున్నదని విప్పి ప్రక్కన పెట్టవద్దు; ఇవ్వకున్నచో పడవ ఎక్కవద్దు. ఊరివారిని వెంటబెట్టుకొనిపోయిన సర్పంచునకు ఈ విషయమున మొగమాటము పనికిరాదు. డబ్బు కట్టితిమి గదాయని ఎవరైన గొణిగినను సరే.

ఉత్తరాంధ్రకు వచ్చితిమి. విశాఖపట్టణములో సముద్రపు టొడ్డున కురుసుర యను జలాంతర్గామిని 2002 నుండి ప్రదర్శనశాలగా ఉంచినారు. 31 సంవత్సరములు నౌకాదళమున పనిచేసిన నౌక అది. అంత ఇరుకు గదులలో నావికులు నెలల తరబడి సముద్రగర్భమున ఎట్లు వండుకొని తిని నిద్రించిరో చూచినచో మన ఊరి సైనికుల కుటుంబములకు కన్నులు చెమర్చును. ఆ మరునాడు తెల్లవారుజామున అరకు రైలు ఎక్కవలెను. బస్సుకంటె రైలు మేలని మేము గట్టిగా చెప్పెదము. ఇనుప ఖనిజము తెచ్చుటకై 1960 దశకమున కొండలు తొలిచి వేసిన మార్గమది. ఒక సొరంగము దాటి మరొకటి, నడుమ లోయలు, జలపాతములు, వలిసె పూల పసుపు చేలు. సొరంగము వచ్చినప్పుడెల్ల పిల్లలు కేకలు వేయుదురు, వేయనిండు. బొర్రాలో దిగినచో గోస్తనీనది ఒడ్డున విశాలమైన గుహలు. రైలు మార్గము ఆ గుహల మీదుగానే పోవుచున్నది. లోపల శివలింగమువలె పెరిగిన రాతిని గిరిజనులు కొలుతురు. అరకులో గిరిజన ప్రదర్శనశాల, థింసా నృత్యము, కాఫీతోటలు కలవు. ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. పారిస్ నగరమున అరకు కాఫీ అంగడి అంతకు రెండేండ్ల ముందే వెలసినది.

బొర్రా గూర్చి పంచాయతీ సభ్యులు ఎరుగవలసిన సంగతి మరొకటి. ఆ చుట్టుపట్ల గిరిజన గ్రామములలో గనుల కౌలు ఇతరుల కిచ్చుట గూర్చి సమత యను సంస్థ న్యాయస్థానమునకు వెళ్లెను. షెడ్యూల్డు ప్రాంతములలో ప్రభుత్వ భూమినైనను గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు గనుల కౌలుగా ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. దేశమంతట ఉదహరింపబడు ఆ తీర్పు ఈ కొండల పల్లెలనుండి వచ్చినదే. గుహలో దీపముల రంగులు చూచి ముచ్చటపడి వచ్చువారు, బయటనున్న ఆ పల్లెల వారిని పలుకరించి, వారివద్ద సీతాఫలములో పసుపో కొనుక్కొని వచ్చిన బాగుండును.

తిరుగు ప్రయాణమున ఏటికొప్పాక దగ్గర ఆగుట మరువకుడు. అంకుడు కర్రను తిప్పుచు, చెట్ల నుండి తీసిన రంగు కలిపిన లక్కను అద్దినంతనే బొమ్మ నునుపుదేలి మెరయును. పసిబిడ్డ నోట పెట్టుకొన్నను హాని లేని రంగులవి.

ఇంతవరకు చెప్పిన చోట్లను లెక్కించుడు. లేపాక్షి, వీరాపురము, నిమ్మలకుంట, బెలుము, గండికోట, ఉండవల్లి, ఆత్రేయపురము, బొర్రా, ఏటికొప్పాక. ఇందు పెద్ద నగరము ఏది? ఇవన్నియు మీ ఊరు వంటి ఊళ్లు. వానిలో వీధి ఊడ్చువారు, దీపము వెలిగించువారు, మరుగుదొడ్డి శుభ్రపరచువారు పలుచోట్ల మీవంటి పంచాయతీల మనుష్యులే. కనుక యాత్రికులై వెళ్లినపుడు రెండు కన్నులతో చూడుడు. ఒక కంట శిల్పము. రెండవ కంట ఆ ఊరు అతిథిని ఎట్లు చూచుచున్నదో. మంచినీరు ఎచ్చట ఉంచిరి? స్త్రీలకు మరుగుదొడ్డి ఉన్నదా? ఆటోవాడు న్యాయమైన బాడుగ అడుగునా? చెత్త ఎచ్చటికి పోవుచున్నది? బాగున్నది వ్రాసికొని రండు. బాగులేనిది అంతకంటె జాగ్రత్తగా వ్రాసికొని రండు.

మా ఊరిలో చూచుటకేమున్నదని మీలో కొందరు అడుగవచ్చును. ఊరి పడమట నున్న చెరువు ఎవరు త్రవ్వించిరో, గుడిముందు శాసనములో ఏమున్నదో, జాతరలో మొదటి బోనము ఏ ఇంటిదో, ఎందుకో, మీ బడిపిల్లలకు తెలిసినచో చాలును. రాజ్యాంగమున పంచాయతీలకు నిర్దేశించిన 29 విషయములలో సాంస్కృతిక కార్యములు, సామూహిక ఆస్తుల సంరక్షణ కూడ కలవు. కేంద్ర రక్షణలోనున్న కట్టడములకు 100 మీటర్లలోపు కొత్త నిర్మాణము నిషిద్ధమనియు, ఆపై 200 మీటర్ల మేర అనుమతి కావలెననియు 2010లో చట్టము సవరింపబడెను. రక్షిత కట్టడమును పాడుచేసినవానికి రెండేండ్ల వరకు కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా. గోడమీద పేర్లు చెక్కు కుర్రవాండ్రకు ఈ సంగతి బయలుదేరక ముందే చెప్పి ఉంచుడు.

చివరకు ప్రయాణపు ఏర్పాటు. ఊరంతయు ఒకేమారు కదలనక్కరలేదు. ఒక బస్సునకు సరిపడు జనము చాలును. అందులో సగము స్త్రీలు ఉండవలెను, బడిపిల్లలు కొందరు, చేతివృత్తులవారు కొందరు ఉండవలెను. పెద్దకులముల వారితోనే బస్సు నిండినచో అది పంచాయతీ యాత్ర కాదు, బంధువుల విందు. 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకము క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్ర స్త్రీలకు టికెట్టు ఖర్చు లేదు. గుర్తింపు కార్డు వెంట ఉన్నచో చాలును. దీనిని ఉపయోగించుకొని కొన్ని ఊళ్ల స్త్రీల సంఘములు పంచాయతీ సహాయము లేకయే బయలుదేరినను ఆశ్చర్యము లేదు. సర్పంచులు అంతదాక ఆలస్యము చేయరాదు. వరికోతలు ముగిసి రబీ పనులు ఊపందుకొనక ముందు రెండు మూడు దినములు దొరకును. చందాలు ఎంత వసూలైనవో, ఎంత ఖర్చైనదో వచ్చిన వారములోనే గ్రామసభలో చదివి వినిపింపుడు. వంటసామాను వెంట తీసికొనిపోవువారు కోట గోడల ప్రక్కన పొయ్యి పెట్టవద్దు. పొగకు శిల్పములు నల్లబడును.

దినము నిర్ణయించుటకు ముందు సెలవులు చూచుకొనుడు. నాగార్జునకొండ ప్రదర్శనశాల శుక్రవారము మూసియుండును. విశాఖలోని జలాంతర్గామికి సోమవారము సెలవు.